కాళ్ల కింద నేల: భూకంపాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాద్‌లో కూడా చాలామందికి ఆ కదలిక తెలిసింది. అప్పటినుంచి ఈ శీర్షికకు భూకంపాల మీద ఉత్తరాలు ఆగలేదు. అందుకే ఈసారి పేజీలన్నీ వాటికే కేటాయించాం. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట అందరికీ కలిపి జవాబు రాశాం.

ప్రశ్న: గట్టి వానలు పడ్డాక రాత్రిళ్లు నేలలోంచి ‘ఢబ్’మని శబ్దం వస్తోంది. షెల్ఫులో గిన్నెలు కదులుతున్నాయి. 2020లోనూ ఇలాగే జరిగింది. ఇల్లు ఖాళీ చేయాలా?
– గృహిణి, బోరబండ

ఖాళీ చేయనక్కర్లేదమ్మా. 2020 అక్టోబర్‌లో మీ పేటలో వచ్చినవి తీవ్రత 2 కూడా దాటని చిన్న కంపాలు. అప్పట్లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మీ కాలనీల్లోనే పరికరాలు పెట్టి వాటిని నమోదు చేశారు. 1990ల మధ్యలో జూబ్లీహిల్స్ వైపు కూడా ఇలాంటి చిన్న కంపాలు వరసగా వచ్చాయి.

హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైకి ఏకశిలలా కనిపించినా లోపల పగుళ్లు చాలా ఉంటాయి. వాన నీరు వాటిలోకి దిగి ఒత్తిడి పెంచితే, పగులుకు రెండు వైపులా ఉన్న రాళ్ల మధ్య పట్టు సడలి అవి కాస్త జారతాయి. జారేది చాలా కొంచెమే, కానీ అది పైపైనే జరుగుతుంది. లోతైన భూకంపంలో పుట్టే వేగవంతమైన కంపనాలు మనదాకా వచ్చేలోపు రాతిలోనే అరిగిపోతాయి. కాళ్ల కిందే పుట్టిన చిన్నదాంట్లో అవి అలాగే పైకి వచ్చి గాలిని కదిలిస్తాయి. సెకనుకు 20 సార్లు దాటిన కంపనం మన చెవికి శబ్దంగా తెలుస్తుంది. అందువల్ల తీవ్రత తక్కువైనా చప్పుడు మాత్రం గుండె అదిరేలా ఉంటుంది.

మీరు చేయగలిగిన మంచి పని రాసి పెట్టుకోవడం. ఫోన్ గడియారం చూసి సెకన్లతో సహా సమయం, శబ్దం ముందు వచ్చిందా కుదుపు ముందు వచ్చిందా, ఎన్ని సెకన్లు ఉంది, మీరు ఏ అంతస్తులో ఉన్నారు అన్నవి నోటు పుస్తకంలో ఉంచండి. నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వారి ‘భూకంప్’ యాప్‌లో భూకంపాల వివరాలు చూసుకోవచ్చు. పది ఇళ్ల నుంచి వేర్వేరుగా రాసిన సమయాలు, వాట్సాప్‌లో వంద మంది ఫార్వర్డ్ చేసిన ఒక్క వాయిస్ మెసేజ్ కన్నా శాస్త్రవేత్తలకు ఎంతో ఎక్కువ పనికొస్తాయి.

ఇంట్లో అయితే బీరువాను వెనక గోడకు ఎల్ క్లాంపుతో బిగించండి. మంచం తలవైపు గోడ మీద బరువైన ఫోటో ఫ్రేములు ఉంచకండి. డాబా మీద ఇటుకల మీద నిలబెట్టిన ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే దాన్ని చదునైన దిమ్మె మీదికి మార్చండి. కంపం ఇంతకన్నా పెద్దదైనప్పుడు జనాన్ని గాయపరిచేవి ముందుగా ఇవే.

ప్రశ్న: పక్క ప్లాటులో సెల్లారు కోసం రోజూ బండ పేలుస్తున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో గోడలు బీటలు వారాయి. ‘పరిమితి లోపలే ఉంది’ అని బిల్డరు ఒక కాగితం చూపిస్తున్నాడు. ఎలా నమ్మాలి?
– ఫ్లాట్ల యజమానుల సంఘం, నల్లగండ్ల

ముందు ఆ కాగితంలో ఏం కొలిచారో చూడండి. పేలుడు తాకిడిని కొలిచేది నేల కదిలే గరిష్ఠ వేగంతో. దాన్ని సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు అని రాస్తారు. ఆ అంకె ఒక్కటే చాలదు, పక్కనే ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో (హెర్ట్జ్) ఉండాలి. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన పరిమితులనే కన్సల్టెంట్లు ఎక్కువగా ఆధారంగా తీసుకుంటారు. మామూలు ఇళ్లకు అవి ఇలా ఉన్నాయి: కంపనం 8 హెర్ట్జ్ లోపుంటే 5 మి.మీ., 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆపైన అయితే 15. చారిత్రక కట్టడాలకు 2, 5, 10 మాత్రమే. నిదానంగా ఊగే కంపనం భవనం సహజ ఊపుకు దగ్గరగా ఉండి ఎక్కువ చెరుపు చేస్తుంది కాబట్టే దానికి హద్దు అంత తక్కువ. ‘9 మి.మీ., పరిమితి లోపల’ అని రాసి ఫ్రీక్వెన్సీ చెప్పని నివేదిక చెల్లదనే అనుకోండి.

రెండోది, సెన్సర్ ఎక్కడ పెట్టారు? మీ భవనం పునాది పక్కన, పేలుడు వైపున్న నేల మీద పెట్టాలి. మెత్తటి మట్టిలో అయితే మేకులు పూర్తిగా దిగాలి. కాంక్రీటు మీద అయితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించాలి, లేదా ఇసుక బస్తా బరువు పెట్టాలి. టైల్ మీద ఊరికే పెట్టి వదిలేస్తే పేలుడుకు సెన్సరే ఎగిరిపడి తప్పు అంకె చూపిస్తుంది. టెర్రస్ మీద పెట్టినా తప్పే. భవనం ఊపు కలిసి అంకె పెరుగుతుంది. అప్పుడు బిల్డరు ఆ కొలతను కొట్టిపారేస్తాడు, మీ కేసు బలహీనమవుతుంది.

మూడోది, ఒక్కో డిలేకు, అంటే ఒకే క్షణంలో పేలే విడతకు, ఎంత మందు వాడారు? మొత్తం మందు కన్నా ముఖ్యమైంది ఒకే క్షణంలో పేలేది ఎంత అన్నదే. దూరాన్ని మీటర్లలో తీసుకుని, డిలేకు వాడిన మందు కిలోల వర్గమూలంతో భాగిస్తే ‘స్కేల్డ్ దూరం’ వస్తుంది. 50 మీటర్ల దూరంలో డిలేకు 2 కిలోలు పేలిస్తే అది 35. అదే 8 కిలోలు ఒకేసారి పేలిస్తే 18కి పడిపోతుంది. ఈ అంకె తగ్గేకొద్దీ మీ గోడకు తగిలే వేగం గబగబా పెరుగుతుంది. డిటోనేటర్ల మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా పెట్టి పేల్చడం అనే ఒక్క జాగ్రత్త చాలాచోట్ల సమస్య తీర్చేస్తుంది. ఖర్చు మిగుల్చుకోవడానికి వదిలేసేదీ ఎక్కువగా దాన్నే.

బీటల సంగతికి వస్తే, పేలుళ్లు మొదలు కాకముందు ఫోటోలు తీయకపోతే ఏది పాతదో ఏది కొత్తదో తేల్చడం కష్టం. ప్లాస్టర్ ఎండినప్పుడు వచ్చే సన్నటి వెంట్రుక బీటలు, దూలానికి గోడకు మధ్య ఎండాకాలంలో విచ్చుకునే గీతలు ప్రతి భవనంలో ఉంటాయి. వాటిని పేలుడు మీదికి నెట్టకండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే కొత్త బీటలు, ఇటుకను కూడా చీల్చినవి మాత్రం గమనించాల్సినవి. ఈరోజే ఒక పని చేయండి. బీటకు అడ్డంగా గాజు పలక ముక్కను రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాసి, స్కేలు పెట్టి ఫోటో తీయండి. బీట పెరిగితే గాజు పగులుతుంది. ఒక్కో అంతస్తులో రెండు మూడు చోట్ల ఇలా చేస్తే పదిహేను రోజుల్లో మీ చేతిలో ఆధారం ఉంటుంది.

పేలుడు పదార్థాల లైసెన్సు పెసో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పరిధిలోనిది. పేల్చే మనిషికి షాట్‌ఫైరర్ పర్మిట్ ఉండాలి. ఈ రెండింటి నకళ్లు, ప్రతి పేలుడుకు సెన్సర్ గీసిన తరంగ చిత్రం కావాలని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లోనూ మున్సిపల్ కార్యాలయంలోనూ ఫిర్యాదు చేయండి. మా అభిప్రాయం అడిగితే, ఇరవై మీటర్లలో జనం కాపురం ఉంటున్న చోట పేలుడే వద్దు. డైమండ్ వైర్‌తో కోయడం, రంధ్రాల్లో వ్యాకోచించే రసాయన పొడి పోసి బండను చీల్చడం ఈ ఊళ్లో అందుబాటులో ఉన్నాయి. ఖర్చు ఎక్కువే, ఆలస్యం కూడా. అయినా పక్కింటివాళ్ల గోడల కన్నా అది ముఖ్యం కాదు.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలతో పనిచేసే భూకంప లేఖిని చేయించాలనుంది. డబ్బా, స్ప్రింగు, పెన్ను మోడల్ కాదు. నిజంగా నమోదు చేసేది కావాలి.
– సైన్స్ టీచర్, ప్రభుత్వ ఉన్నత పాఠశాల, ఘట్‌కేసర్

మాస్టారూ, తప్పకుండా చేయించవచ్చు. కావాల్సినవి నాలుగు: 4.5 హెర్ట్జ్ నిలువు జియోఫోన్ ఒకటి, వోల్టేజిని అంకెలుగా మార్చే 24 బిట్ల అనలాగ్–డిజిటల్ బోర్డు, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్, కరెంటు పోయినా కనీసం రెండు గంటలు నడిపే చిన్న యూపీఎస్.

జియోఫోన్ లోపల అయస్కాంతం చుట్టూ స్ప్రింగు మీద వేలాడే తీగచుట్ట ఉంటుంది. నేల కదిలితే అయస్కాంతం కదులుతుంది, చుట్ట వెనకబడుతుంది, వోల్టేజి పుడుతుంది. బజారులో దొరికే ఒక సాధారణ రకం సెకనుకు ఒక మీటరు వేగానికి 28.8 వోల్టులు ఇస్తుంది. అంటే సెకనుకు ఒక మైక్రోమీటరు కదలికకు 28.8 మైక్రోవోల్టులు. ఇక్కడే చాలా స్కూలు ప్రాజెక్టులు తడబడతాయి. చవగ్గా వస్తుందని 16 బిట్ల బోర్డు కొంటారు. దాన్ని గరిష్ఠ గెయిన్‌లో (సంకేతాన్ని పెంచే స్థాయిలో) పెట్టినా ఒక్కో మెట్టు 7.8 మైక్రోవోల్టులు, అంటే సెకనుకు 0.27 మైక్రోమీటరు. దూరపు భూకంపం తాలూకు కదలిక అంతకన్నా చిన్నదైతే తెర మీద చదునైన గీత తప్ప ఏమీ కనిపించదు. మిగతా చోట్ల పొదుపు చేయండి గానీ ఇక్కడ వద్దు.

జియోఫోన్ రెండు కొసల మధ్య తయారీదారు పట్టికలో చెప్పిన షంట్ రెసిస్టర్ పెట్టండి. అది లేకపోతే ఒక కుదుపుకు చుట్ట చాలాసేపు ఊగుతూనే ఉంటుంది, అసలు సంకేతం ఆ ఊగుడులో కలిసిపోతుంది. జియోఫోన్ నుంచి బోర్డు దాకా మెలివేసిన, షీల్డు ఉన్న కేబుల్ వాడండి, రెండు మీటర్లకు మించనీయకండి. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 100 సార్లు నమూనా తీసే పరికరంలో 50 హెర్ట్జ్ సరిగ్గా అది పట్టగల హద్దు మీద పడి రికార్డు మొత్తాన్ని పాడుచేస్తుంది. బోర్డుకు ముందు చిన్న ఆర్‌సీ ఫిల్టరు పెట్టండి. ట్యూబులైట్ చోక్ దగ్గర తీగ పోనీయకండి.

చోటు: కింది అంతస్తు, బయటి గోడకు దూరంగా ఉన్న మూల, నేరుగా నేల మీద పోసిన గచ్చు. బోరు మోటారుకు, మధ్యాహ్న భోజనం గ్రైండరుకు వీలైనంత దూరం. సీలింగ్ ఫ్యాన్ కింద వద్దు. రసమట్టం పెట్టి జియోఫోన్ నిటారుగా ఉందో లేదో చూసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. పైన థర్మోకోల్ పెట్టె బోర్లించండి, లేకపోతే గాలి వీచినా గీత కదులుతుంది.

సమయం అన్నిటికన్నా ముఖ్యం. రాస్ప్‌బెర్రీ పైలో చాలా మోడళ్లకు సొంతంగా నడిచే గడియారం ఉండదు. కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ అందేదాకా తప్పు సమయం రాసుకుంటూ పోతుంది. భూకంపంలో అన్నిటికన్నా ముందు వచ్చే పి తరంగం రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి ఒక్క సెకను తప్పుంటే ఆరు కిలోమీటర్ల తప్పు. చిన్న జీపీఎస్ మాడ్యూల్ పెట్టి యాంటెన్నాను కిటికీ బయట ఆకాశం కనిపించేలా కట్టండి.

పరీక్షించడానికి ఒక పిల్లవాడిని ఐదు మీటర్ల దూరంలో ఎగిరి దూకమనండి, తర్వాత పది మీటర్ల దూరంలో. రెండు గీతల ఎత్తు పోల్చి కొలవమనండి. ఇక అసలు పాఠం ఇక్కడుంది. ముందు వచ్చే పి తరంగానికి, వెనక వచ్చే ఎస్ తరంగానికి మధ్య సెకన్లు లెక్కపెట్టి సుమారు 8.4తో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో తెలుస్తుంది. ములుగు భూకంపానికి హైదరాబాద్‌లో ఆ తేడా 25 సెకన్ల దగ్గర ఉంటుంది, అంటే 210 కిలోమీటర్లు. ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలోని స్టేషన్ ఫ్రాన్స్ వారి జియోస్కోప్ జాలంలో హెచ్‌వైబీ అనే కోడ్‌తో ఉంది. దాని డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీతో పది వరసల ప్రోగ్రాం రాస్తే చాలు, మీ గీతను, వాళ్ల గీతను ఒకే తెర మీద పెట్టి చూడవచ్చు. రెండింటిలో పి తరంగం, రెండు చోట్ల మధ్య దూరానికి తగ్గట్టు, రెండు మూడు సెకన్ల తేడా లోపల లేచిందంటే మీ స్కూలు స్టేషన్ సరిగ్గా పనిచేస్తున్నట్టే.

ప్రశ్న: భూకంపంలో అంత శక్తి ఉంటుంది కదా, దానితో కరెంటు తీయలేమా?
– పదో తరగతి విద్యార్థి, కూకట్‌పల్లి

మంచి ప్రశ్న బాబూ, లెక్క వేసే చూద్దాం. తీవ్రతను 1.5తో గుణించి 4.8 కలుపు. వచ్చినది పది మీద ఘాతం అనుకో. అన్ని జూల్స్ శక్తి తరంగాల రూపంలో బయటికి వస్తుంది. ములుగుకు 5.3 × 1.5 + 4.8 = 12.75. అంటే సుమారు 5.6 లక్షల కోట్ల జూల్స్. 36 లక్షల జూల్స్ అయితే మన మీటరు మీద ఒక యూనిట్. భాగిస్తే 15 లక్షల 60 వేల యూనిట్లు.

ఎక్కువగా అనిపిస్తోందా? భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల జనరేటరు ఒకటుంది. అది పూర్తిగా నడిస్తే గంటకు 5 లక్షల యూనిట్లు తీస్తుంది. అంటే మన జిల్లాలన్నిటినీ ఉలిక్కిపడేలా చేసిన ఆ కంపం, ఆ ఒక్క జనరేటరు మూడు గంటల పనికి సమానం. అదీ కొన్ని సెకన్లలో, వేల చదరపు కిలోమీటర్ల మీద పరుచుకుని, ఎప్పుడు వస్తుందో తెలియకుండా వస్తుంది. పట్టుకోవడానికి వీల్లేదు.

ఇంకోటి కూడా చెయ్యి. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్‌లో వచ్చిన దానికి 7.7 పెట్టి లెక్కకట్టు. తీవ్రత అంకె 2.4 పెరిగితే శక్తి దాదాపు నాలుగు వేల రెట్లు పెరగడం నీకే కనిపిస్తుంది.

ప్రశ్న: కోయనా డ్యాం వల్ల భూకంపం వచ్చిందంటారు. మన పెద్ద జలాశయాలకూ ఆ ముప్పు ఉందా? భూగర్భ వేడితో కరెంటు తీసే ప్రాజెక్టుల సంగతేమిటి?
– విశ్రాంత ఇరిగేషన్ ఇంజినీరు, వనస్థలిపురం

మహారాష్ట్రలోని కోయనాలో 1962లో నీరు నింపడం మొదలైంది. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 180 మంది చనిపోయారు. డ్యాం కూడా బీటలు వారితే తర్వాత బలపరిచారు. ఆరు దశాబ్దాలైనా అక్కడ కంపాలు ఆగలేదు, అదీ దాదాపు 20 × 30 కిలోమీటర్ల మేర మాత్రమే. ఎన్‌జీఆర్‌ఐలో హర్ష్ కె. గుప్తా, ఆయనతో పనిచేసినవారు దశాబ్దాలపాటు దీన్ని వెంటాడారు. ప్రపంచంలో ఈ విషయం చదివే ప్రతి విద్యార్థీ కోయనా దగ్గరే మొదలుపెడతాడు. 2017లో అక్కడ 3 కిలోమీటర్ల లోతున ప్రయోగాత్మక బోరు కూడా వేశారు.

డ్యాం భూకంపాన్ని సృష్టించదు. అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్న పగులును కొన్నేళ్లో, కొన్ని వందల ఏళ్లో ముందుకు లాగుతుంది. నీటి బరువు కన్నా పగుళ్లలోకి దిగే నీటి ఒత్తిడిదే పెద్ద పాత్ర. అందుకే నింపిన వెంటనే కాకుండా నెలలు, ఏళ్ల తర్వాత కంపాలు రావచ్చు. జలాశయం లోతు ఎక్కువైతే, నీటిమట్టం ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంటే, దగ్గరలో ఒత్తిడి పేరుకున్న పగులుంటే ప్రమాదం. దేశంలో వేల డ్యాములున్నా కోయనా ఒక్కటే అయింది, ఎందుకంటే ఈ మూడూ ఒకచోట కలవడం అరుదు. మీరు అడగాల్సింది ‘ముప్పు ఉందా’ అని కాదు. ‘నీరు నింపక ముందు రెండు మూడేళ్ల సూక్ష్మ కంపాల రికార్డు ఉందా’ అని అడగండి. అది లేకపోతే తర్వాత వచ్చినవి కొత్తవో పాతవో చెప్పే దారి ఉండదు. మీ అనుభవం ఉన్నవాళ్లు గట్టిగా అడిగితేనే ఆ పరికరాలకు బడ్జెట్లో చోటు దొరుకుతుంది.

భూగర్భ వేడి విషయంలో మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. సహజంగా పైకి వచ్చే వేడినీటిని వాడుకునే అలాంటి చిన్న ప్లాంటుతో భయం లేదు. బండను అధిక ఒత్తిడి నీటితో పగలగొట్టే పద్ధతి వేరు. 2006లో స్విట్జర్లాండ్ బాసెల్‌లో అలా చేస్తుంటే 3.4 తీవ్రతతో కంపించి ప్రాజెక్టే ఆగిపోయింది. 2017లో దక్షిణ కొరియా పొహాంగ్‌లో 5.5 వచ్చింది. దానికి ఆ ప్రాజెక్టే కారణమని 2019లో అక్కడి ప్రభుత్వ సంఘం తేల్చింది. గోదావరి లోయలో ముందుముందు ఎవరైనా అలాంటి పని తలపెడితే, ఏ తీవ్రత దగ్గర పంపులు నెమ్మదిస్తారు, ఏ తీవ్రత దగ్గర పూర్తిగా ఆపుతారు అన్నది ముందే రాసి ప్రజల ముందు పెట్టాలి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం, 2024లో ములుగు కంపించింది ఆ లోయలోనే.

ప్రశ్న: రామప్ప గుడి ఇసుక పునాది మీద ఉంది కాబట్టి ఎంత భూకంపమొచ్చినా ఏమీ కాదని చదివాను. నిజమేనా?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, హబ్సిగూడ

సగం నిజం. పాలంపేటలో 1213 నాటి ఆ గుడి ఇసుక నింపిన పునాది మీద ఉన్న మాట వాస్తవం. 2021లో యునెస్కో గుర్తింపు ఇచ్చినప్పుడు దాన్ని ప్రత్యేకంగా చెప్పింది. గట్టిగా కుదించిన పొడి ఇసుక కదలికను కొంత మింగుతుంది. కానీ ఇసుక నీటితో నిండిపోతే కంపించినప్పుడు పట్టు కోల్పోతుంది. పక్కనే రామప్ప చెరువు ఉంది కాబట్టి పునాది చుట్టూ నీటిమట్టం, వాన నీరు పోయే దారి జాగ్రత్తగా చూసుకోవాల్సినవి. మండపంలో నడిస్తే రాతి పలకలు ఎగుడుదిగుడుగా కాలికి తగులుతాయి గమనించారా? కాలక్రమంలో పునాది అన్నిచోట్లా ఒకేలా దిగలేదని దాని అర్థం.

మాకు ఎక్కువ నమ్మకం కలిగించేది శిఖరం. నీళ్ల మీద తేలే ఇటుకలతో కట్టారు దాన్ని. భూకంపంలో కట్టడం మీద పడే బలం, దాని ద్రవ్యరాశిని నేల త్వరణంతో గుణిస్తే వచ్చేది. బరువు పైన ఎంత ఉంటే కింది స్తంభాలకు అంత కష్టం. పైభాగాన్ని తేలిక చేసిన కాకతీయ స్థపతుల ఆలోచన నేటి ఇంజినీరింగ్ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ‘ఎంత వచ్చినా’ అన్న మాట మాత్రం ఏ కట్టడం గురించీ అనకూడదు.

అమ్మా, మీలాంటి వారి సాయం ఈ శాస్త్రానికి చాలా అవసరం. యంత్రాల రికార్డు మనకు వందేళ్లకు కాస్త పైన మాత్రమే ఉంది. అంతకు ముందటి కంపాలు తెలియాలంటే శాసనాలు, కైఫియతులు (ఊళ్ల చరిత్ర రాతలు), గుడి మరమ్మతుల లెక్కలు చదవగలిగినవాళ్లు కావాలి. ‘గోపురం కూలగా మళ్లీ కట్టించిరి’ అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే తేదీ, ఊరు, కూలిన భాగం, ఎటువైపు పడింది అన్నవి విడిగా రాసిపెట్టండి. పిడుగు, వరద, యుద్ధం కారణాలు కావని తేలాకే దాన్ని భూకంపం ఖాతాలో వేయాలి. ఒకే ఏడాది రెండు మూడు ఊళ్ల నుంచి అలాంటి ప్రస్తావన దొరికితే అది నిజంగా విలువైన ఆధారం.

ప్రశ్న: అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ చివరి ఏడాది. భూకంపాల మీద పరిశోధన చేస్తానంటోంది. దారి ఏమిటి? బతుకుతెరువు ఉంటుందా?
– తల్లి, తార్నాక

ఈ చదువుకు హైదరాబాద్ కన్నా మంచి ఊరు దేశంలో దొరకడం కష్టం. మీ ఇంటికి దగ్గర్లోనే ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ ఉంది. దానికి సీపీగెట్ రాయాలి. ఐఐటీల్లో చేరాలంటే జామ్ రాయాలి. 1961లో మొదలైన ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్ రోడ్డులో, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో, జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) దక్షిణ ప్రాంత కార్యాలయం బండ్లగూడలో ఉన్నాయి. డిసర్టేషన్‌కు ఆరు నెలలు వీటిలో ఒకచోట కూర్చోగలిగితే, ఈ పని తనకు నచ్చుతుందో లేదో ఆ అమ్మాయికే తెలిసిపోతుంది.

ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూ విజ్ఞాన శాస్త్రాల పేపరు రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటద్దె భత్యం అదనం. ఎన్‌జీఆర్‌ఐలో పీహెచ్‌డీ అక్సర్ అనే సంస్థ ద్వారా జరుగుతుంది. కోర్సువర్కుతో పాటు గ్రామీణ సమస్య మీద కొన్ని వారాల ప్రాజెక్టు కూడా చేయాలి. పరిశోధన వద్దనుకుంటే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. ఓఎన్‌జీసీ లాంటి చమురు సంస్థల దారి కూడా ఉంది. చమురు వెతికేదీ భూకంప తరంగాల శాస్త్రంతోనే. అందుకే ఈ డిగ్రీకి ఇంధన రంగంలో గిరాకీ తగ్గలేదు.

పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఒక స్టేషన్లో మూడు దిశల్లో సెకనుకు 100 నమూనాల చొప్పున రోజుకు 2 కోట్ల 59 లక్షల అంకెలు వస్తాయి. వాటిలో పి, ఎస్ తరంగాలు ఎక్కడ మొదలయ్యాయో వెతకడంతోనే చాలా నెలలు గడుస్తాయి. స్టేషన్లు పొలాల్లో, గుట్టల మీద ఉంటాయి. ఎలుకలు కేబుల్ కొరుకుతాయి, సోలార్ ప్యానెల్ పోతుంది, బ్యాటరీ దిగిపోయి సరిగ్గా కావాల్సిన రాత్రి రికార్డు ఉండదు. సెన్సర్ గెయిన్‌ను పుస్తకంలో రెండింతలు తప్పుగా రాస్తే ప్రతి భూకంపం తీవ్రతా 0.3 తప్పుతుంది, ఎవరో పట్టుకునేదాకా అలాగే అచ్చవుతుంది. ఓపిక, శుభ్రంగా నోట్సు రాసే అలవాటు ఉన్నవాళ్లు ఇందులో రాణిస్తారు. ఈ ఏడాదే పైథాన్, తరంగాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఫూరియర్ విశ్లేషణ మొదలుపెట్టమనండి. ఎండలో తిరగడం ఆడపిల్లకు కష్టమని వెనక్కి లాగకండి. ఫీల్డుకు వెళ్లి స్టేషన్లు నడుపుతున్న అమ్మాయిలు ఈ రంగంలో చాలామంది ఉన్నారు.

ప్రశ్న: ‘రేపు రాత్రి పదింటికి హైదరాబాద్‌లో భూకంపం’ అని మెసేజ్ వచ్చింది.
– చాలామంది

తేదీ, గంట చెప్పి భూకంపాన్ని ఊహించే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. డిలీట్ చేయండి. ‘భూకంప ముప్పు మ్యాపులో మనది జోన్ 2, మనకేం కాదు’ అన్న ధీమా కూడా అంతే తప్పు. 1993 సెప్టెంబర్ 30న వేల మందిని పొట్టనపెట్టుకున్న మహారాష్ట్రలోని కిల్లారి, అప్పటి మ్యాపులో అన్నిటికన్నా సురక్షితమైన జోన్ 1లో ఉంది. కొత్త ఫ్లాటు కొంటుంటే కింద పార్కింగ్ అంతస్తు స్తంభాలను చూడండి. నిలువు కడ్డీల చుట్టూ వేసే ఇనుప రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంచారా, స్తంభం కింద, పైన రింగుల మధ్య దూరం 100 మి.మీ. దాటకుండా ఉందా అని ఇంజినీరును అడగండి. మన జోన్‌లో ఆ నిబంధన తప్పనిసరి కాదు, అయినా అడగండి.

ప్రశ్న: ఎన్‌జీఆర్‌ఐ పక్కనే మెట్రో తిరుగుతోంది, ఎదురుగా స్టేషన్ కూడా ఉంది. అంత గోలలో పరికరాలు ఏం వింటాయి?
– మెట్రో ప్రయాణికుడు, నాగోల్

రైళ్లు, బస్సులు, ఉప్పల్ స్టేడియం జనం పుట్టించే కంపనం ఎక్కువగా 1 నుంచి 20 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దూరపు పెద్ద భూకంపాల ఉపరితల తరంగాలు 20 సెకన్లకు ఒకసారి ఊగేవి. కాబట్టి వడపోస్తే అవి నిక్షేపంగా దొరుకుతాయి. నష్టపోయేది దగ్గరి చిన్న కంపాలు. బోరబండలాంటి వాటికి అక్కడికక్కడే పరికరాలు పెట్టాల్సి వచ్చేది అందుకే. 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతటా ఈ మనుషుల గోల సగం దాకా తగ్గింది, మామూలుగా కనిపించని చిన్న కంపాలు కొన్ని అప్పుడు బయటపడ్డాయి.

మీరే చూడొచ్చు. హెచ్‌వైబీ స్టేషన్ డేటాలో ఒక ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలప్పటి గంటసేపు, మర్నాడు ఉదయం తొమ్మిదింటప్పటి గంటసేపు తీసుకోండి. టైము గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటుంది కాబట్టి ఐదున్నర గంటలు తీసేయడం మర్చిపోకండి. రెండింటినీ 1 హెర్ట్జ్ పైన ఉన్న కంపనాలే మిగిలేలా వడపోసి ఒకే స్కేలు మీద గీయండి.